నీది తేలినాక చెప్తా

మడివాళ, బెంగళూరు
ఫిబ్రవరి 11, 2024

అక్కకు అమరనాథ్ నమస్కారాలు.

కవరు మీద నా చేతిరాత చూసి ముందు భయపడి ఉంటావు. ఏమీ కాలేదు. మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేనన్న ఒక్క మాటకే మూడుసార్లు "ఏందప్పా, ఏమంటివి?" అన్నావు. తప్పు నీది కాదు. ఎదురుగా ఉన్నవాళ్లు నా మొహమూ చేతులూ చూసి సగం అర్థం చేసుకుంటారు. ఫోన్లో ఆ సగం ఉండదు. సిగ్గేసి ఫోన్ నేత్రావతికి ఇచ్చి బయటికి పోయాను. నీతో మాట్లాడకుండా ఉండలేను కాబట్టి ఇకమీదట రాస్తాను. బడిలో కన్నడం చదివినా ఇంట్లో పలక మీద తెలుగు దిద్దించింది అమ్మ. ఇప్పటికి పనికొచ్చింది.

నాలుకలో ఎడమపక్క ముక్క పోతే పోయింది, మనిషి దక్కాడు, అదే చాలు అని నువ్వన్నావు. జనవరి ఆఖర్లో డాక్టరు కూడా అదే మాట అన్నాడు. రేడియేషన్ కరెంటు పెట్టడం అయిపోయింది, ఇక మందుల్లేవు, రెండు మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకుంటే చాలు అన్నాడు. నేత్రావతి వీధంతా మైసూర్‌పాక్ పంచింది. చీరల అంగడిలో మా ఓనరు రాజగోపాల్ నా మెడలో దండ వేశాడు. వేసి, లోపల గదిలో చీరలు మడతపెట్టే పనిలో పెట్టాడు. ఇరవై ఏళ్లకు పైగా ముందు పరుపు మీద కూర్చుని నాలుగు భాషల్లో చీరలు అమ్మినవాణ్ణి. ఆయన్ను తప్పుపట్టను. నాలుగు భాషల్లోనూ ఇప్పుడు నాకు నత్తి ఒకటే.

నీకు ఒక్కదానికే చెప్తున్నాను. వైద్యం జరుగుతున్నప్పుడు నాకు ఇంత భయం లేదు. ఇప్పుడు పళ్లు తోముకోగానే టార్చి తీసుకుని అద్దం ముందు నిలబడుతున్నాను. నోట్లో ఎక్కడ ఎర్రగా ఉందో, ఎక్కడ తెల్లగా ఉందో చూస్తాను. నిన్న ఉన్నది ఇవాళ పెరిగిందా అని చూస్తాను. నేను ఆకువక్క వేసినవాణ్ణి కాదు, బీడీ ముట్టినవాణ్ణి కాదు. కారణం తెలిస్తే దాన్ని మానేసి ధైర్యంగా ఉండేవాణ్ణి. నేను ఏం మానాలక్కా?

బావకు నా నమస్కారాలు.

నీ తమ్ముడు
అమరనాథ్


హొసకోటె
ఫిబ్రవరి 25

చిరంజీవి అమరనాథ్‌కు అక్క భాగీరథమ్మ ఆశీర్వచనాలు.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. టార్చి సంగతి మాత్రం చదవలేదు. ఆ టార్చి ఎత్తి నేత్రావతికి ఇచ్చెయ్. అద్దం ముందు నిలబడి రోజూ వెతికితే లేనిది కూడా కనపడుతుంది.

నువ్వు ఎందుకు ఇంత బేజారవుతున్నావో నాకు అర్థం కాలేదు. అయిపోయింది కదా. ఇంక దాన్ని తలుచుకోకు. మన వీధి చివర పాల డెయిరీ శ్రీనివాసప్ప కొడుకు పోయాడు, పాతికేళ్లు నిండలేదు. వాళ్లమ్మను చూస్తే నాకు నువ్వే గుర్తొస్తావు. మా తమ్ముణ్ణి దేవుడు తిరిగి ఇచ్చాడని చేతులు జోడించుకుంటాను. నువ్వేమో తిరిగొచ్చి కూడా రానట్టు మాట్లాడుతున్నావు.

మాట మెల్లగా వస్తుంది. చంటిపిల్లలకు రావడం లేదా? అంగట్లో కూర్చోబెట్టి జీతం ఇస్తున్నారు, అది కూడా తక్కువేం కాదు. ధైర్యంగా ఉండు. నువ్వు ధైర్యంగా ఉంటేనే కట్టుకున్న నేత్రావతి, కన్న కూతురు అక్షర ధైర్యంగా ఉంటారు.

మీ బావ ఎరువుల అంగడి బాగానే నడుస్తోంది. ఆయన కడ్డిపుడి నమలడం మాత్రం మానలేదు. నీకు జబ్బు చేసినప్పుడు వారం మానేశాడు. పొగాకు లేకపోతే లెక్క కుదరదట.

మీ అక్క


మడివాళ
మార్చి 31

అక్కకు,

నీ ఉత్తరం చదివి, కోపం తగ్గాక రాద్దామని ఊరుకున్నాను. తగ్గలేదు. అయినా రాస్తున్నాను.

అయిపోయింది కదా అని రాశావు. అందరూ అదే అంటున్నారు. ఏది అయిపోయింది? ఆస్పత్రికి పోయినన్నాళ్లూ పొద్దున లేస్తే చేయాల్సిన పని ఒకటి ఉండేది. పోయి ఆ బల్ల మీద పడుకుంటే నా తరఫున యంత్రం కొట్లాడేది. నర్సులు, డాక్టర్లు, నువ్వు, బావ, అందరూ చుట్టూ ఉన్నారు. నేను లేచి నిలబడగానే ఎవరి పనికి వాళ్లు పోయారు. పోవాల్సిందే. అయితే ఆ జబ్బు మళ్లీ వచ్చిందా లేదా అని కాపలా కాసే పని నా ఒక్కడికే మిగిలింది. కాపలావాడు కన్ను మూయగలడా?

పోయిన వారం అంగడికి ఒకావిడ వచ్చింది. వాళ్లింట్లో రెండు పెళ్లిళ్లకు నా దగ్గరే కొన్నారు. లోపల మడతలు పెడుతున్న నన్ను చూసి, "అమరనాథ్, నీవే వచ్చి చూపించప్పా. వీళ్లకేమీ తెలీదు" అని పిలిచింది. పండగలా పోయి కూర్చున్నాను. ఇది ధర్మవరం చీర, అంచు విడిగా నేసి కలిపింది అని చెప్పాను. చెప్పాననుకున్నాను. ఆమె నవ్వుతూ తల ఆడించింది. కాసేపాగి పక్కనున్న సేల్స్ అమ్మాయిని మెల్లగా అడిగింది, "ఏమంటా ఉండాడు?" అని. చీర అన్న మాటే నా నోట పలకదక్కా. చీయ అని వస్తుంది. నేను లేచి లోపలికి పోయాను. ఆమె ఏం కొనకుండా పోయింది.

ఇంట్లో కూడా అంతే. అక్షర పేరు నా నోట్లో ముక్కలవుతుంది. అందుకని చప్పట్లు కొట్టి పిలుస్తున్నాను. మొన్న పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది. "అప్పా, నన్ను చప్పట్లు కొట్టి పిలవద్దు. నువ్వు ఎట్ల పిలిచినా పలుకుతాను" అంది. ఆ రోజంతా నేను పిలవలేదు. అది మాత్రం ఏదో ఒక పని పెట్టుకుని నా చుట్టూనే తిరిగింది.

చెకప్‌కు పోయి వచ్చాను. అంతా బాగుందన్నారు. దాని గురించి ఇంక అడగొద్దు.

అమరనాథ్


హొసకోటె
ఏప్రిల్ 14

అమరా,

చెకప్ బాగుందని తెలిసి మనసు కుదుటపడింది. ఉగాదికి ఒబ్బట్లు చేశాను. నువ్వు రాలేదని మీ బావ అన్నాడు.

నేను రాసిన మాటలు నీకు నొప్పి కలిగించాయని తెలిసింది. ఇంకేమీ రాయను ఆ విషయం.

ఒక సంగతి అడగాలి. ఇక్కడ తెలిసిన ఒకాయనకు చెంప లోపల తెల్లగా మచ్చలా ఉంది. గీకినా పోదు. నొప్పి లేదు. కారం తగిలితే మాత్రం మండుతుందట. నోరు ముందులాగా పూర్తిగా తెరవడం లేదు. నీకు మొదట్లో ఎలా ఉండేది? ఇదే రంగా? నొప్పి లేకపోతే భయం లేదనుకోవచ్చా? వాళ్లింటావిడ అడుగుతోంది. తెలిస్తే రాయి. తొందరేం లేదు.

అక్క


మడివాళ
ఏప్రిల్ 19

అక్కా,

తొందర ఉంది. నొప్పి లేకపోతే భయం లేదని ఎవరూ అనుకోవద్దు. నాకు కూడా మొదట్లో నొప్పి లేదు. పుండు అనుకుని తేనె రాసుకుంటూ కాలం గడిపాను. తెల్ల మచ్చ, కారం మంట, నోరు పూర్తిగా తెరవకపోవడం, ఈ మూడూ ఉన్న మనిషి రేపే డాక్టరుకు చూపించుకోవాలి. ప్రతి మచ్చా జబ్బు కాదు. ముందుగా చూస్తే మచ్చతోనే పోతుంది. ఈ మాట వాళ్లకు చదివి వినిపించు.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ ఒకాయనకు పేరు లేదా? వీధిలో కోడి తప్పిపోయినా అది ఎవరి కోడో చెప్పేదానివి. పేరు లేని మనిషి నీ మాటల్లోకి ఎప్పుడూ రాలేదు. ఎవరి నోరక్కా అది?

ఎందుకు దాస్తున్నావని నిన్ను అడిగే హక్కు నాకు లేదు. నేను చెకప్‌కు పోలేదు. ఆస్పత్రి గేటు దాకా పోయాను. ఎదురుగా టీ అంగడి ముందు నిలబడి లోపలికి పోయేవాళ్లను, వచ్చేవాళ్లను చూసి ఇంటికి తిరిగి వచ్చేశాను. బాగుందన్నారని నీకూ నేత్రావతికీ ఒకే అబద్ధం చెప్పాను. దవడ కింద గోలీ అంత గడ్డ చేతికి తగులుతోంది. డాక్టరు నోరు విప్పనంత వరకు అది సుమ్నే, ఉత్త గడ్డ. విప్పితే అది ఏమవుతుందో తెలియదు. మళ్లీ కోస్తానంటే ఏం కోస్తారు? నా దగ్గర ఇంక ఎంత నాలుక ఉందని?

పేరు రాయి.

అమరనాథ్


హొసకోటె
ఏప్రిల్ 27

అమరా,

పేరు నీకు తెలిసిపోయింది. మీ బావే.

సంక్రాంతి దాటాక చూశాను. ఆవలించినప్పుడు నోరు సగమే తెరుచుకుంటోంది. దీపం పట్టి చూస్తే కుడి చెంప లోపల సున్నం పూసినట్టు ఉంది. ఆస్పత్రికి పోదామంటే కోపం. ఉగాది రోజు విస్తరి ముందు కూర్చుని మళ్లీ అడిగాను. అప్పుడు అన్న మాట ఇది. నీకు రాయకూడదనుకున్నాను. ఇప్పుడు దాచి లాభం లేదు.

"అమరనాథ్‌ను చూసినాను గదా. మాట పోయె, పని పోయె, నలుగురి ముందర తల ఎత్తలేక తిరగతా ఉండాడు. అట్ల బతికేదానికన్నా తెలీకుండా పోయేదే మేలు."

నువ్వు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టిన మనిషి ఆయన. నీ మీద ప్రేమ లేక అనలేదు. భయంతో అన్నాడు. కానీ ఆ మాటా నీ ఉత్తరమూ కలిపి తలుచుకుంటే నాకు ఇద్దరి మీదా ఏడుపొస్తోంది. ఒకరు చూపించుకోరు, ఒకరు చూపించుకున్నట్టు అబద్ధం చెబుతారు. నేను ఇద్దరి మధ్యా కూర్చుని ధైర్యం, ధైర్యం అని రాస్తున్నాను.

వచ్చే గురువారం మందు కొట్టే స్ప్రేయర్ సామాన్లకు ఆయన బెంగళూరు వస్తున్నాడు. నీ దగ్గరికి ఒబ్బట్లు ఇచ్చి పంపిస్తాను. మచ్చ సంగతి నీకు తెలుసని ఆయనకు తెలియదు. నువ్వు ఏం చెబుతావో, ఎలా చెబుతావో నాకు తెలియదు. నేను చెప్పి చెప్పి ఓడిపోయాను.

నీ గడ్డ సంగతి నేత్రావతికి నేను చెప్పను. ఈ ఉత్తరం మడిచి పెట్టేలోగా నువ్వే చెప్పు.

అక్క


మడివాళ
మే 5

అక్కకు,

నేత్రావతికి చెప్పాను. తిట్టలేదు. గడ్డ మీద వేలు పెట్టి చూసింది. చెయ్యి కడుక్కొస్తానని వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. కుళాయి నీళ్లు పోతున్న చప్పుడు మాత్రం వినపడింది.

గురువారం బావ వచ్చాడు. సామాన్లు కొన్నాక మార్కెట్ దగ్గర నిలబడి తినే హోటలుకు తీసుకుపోయాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను ఇంటి బయట మెతుకు ముట్టలేదు. ఎందుకో నీకు తెలియదు. ముద్దను నాలుక వెనక్కి నెట్టదు. వేలితో నెట్టుకుని, ప్రతి ముద్దకూ నీళ్లు తాగాలి. ఎడమవైపు పెదవి చివర నుంచి కారుతుంది. అక్కడ నాకు తెలియదు కాబట్టి తుడుచుకోవడం ఆలస్యమవుతుంది.

పెరుగన్నం తీసుకుని, కావాలనే బావకు ఎదురుగా నిలబడి తిన్నాను. పక్క టేబులు దగ్గరున్న ఇద్దరు ప్లేట్లు తీసుకుని జరిగిపోయారు. బావ తన ఇడ్లీ వైపే చూస్తున్నాడు.

"చూడు బావా. అమరనాథ్ మాదిరి బతికేదానికన్నా పోయేది మేలంటివంట గదా" అన్నాను.

"ఏమంటివి? అర్థం కాలేదప్పా."

మళ్లీ చెప్పాను. మళ్లీ అర్థం కాలేదు. ఇంకోసారి ఒక్కో మాట విడగొట్టి చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది.

"మీ అక్కకు నోరు ఆగదు" అన్నాడు.

"నువ్వు అన్నదాంట్లో తప్పు లేదులే. నేనూ అట్ల అనుకున్న రోజులు ఉండాయి. అయినా మధ్యాహ్నమైతే ఆకలవతాది. ఇట్లనే తింటాను. సాయంత్రం అక్షర వచ్చే టైముకు వాకిట్లోకి పోతాను. ఆ టైములో మాత్రం చచ్చిపోదామని ఎప్పుడూ అనిపించలేదు బావా."

ఇది చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఇడ్లీ చల్లారిపోయింది. అర్థం కానిచోట ఆపి అడిగాడు. తెలిసినట్టు తల ఆడించలేదు. అది నాకు నచ్చింది.

"నీకేమప్పా, నీది తేలిపోయె. నువ్వు ఎన్నైనా చెప్తావు" అన్నాడు చివరికి.

ఆయన చెయ్యి పట్టుకుని నా దవడ కింద పెట్టాను. వేలికి తగలగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది ఎప్పటినుంచి ఉండాది?"

"నెల దాటింది."

"చూపించుకోలేదా?"

"భయమేసి గేటు దగ్గరినుంచి తిరుక్కొని వచ్చినాను."

బావ తల ఎత్తి నా మొహంలోకి చూశాడు. ఆయన అలా చూడటం నాకు తెలిసి ఇదే మొదలు. "నాకూ భయమేనప్పా" అన్నాడు. చేతులు కడుక్కునే చోటికి పోయి, చొక్కా జేబులోని కడ్డిపుడి పొట్లం చెత్తబుట్టలో వేసి, నోరు పుక్కిలించి వచ్చాడు. "ఆస్పత్రి యాడ ఉండాది? పోదాం పా. నువ్వు ముందు నడువు. నువ్వు తిరుక్కుంటే నేనూ తిరుక్కుంటాను" అన్నాడు.

ఇద్దరిలో ఎవరూ తిరుక్కోలేదు. డాక్టరు నన్ను బాగా తిట్టాడు. బావ చెంపలోంచి చిన్న ముక్క తీశారు. నా గడ్డలోకి సూది గుచ్చి తీశారు. రెండు వారాల్లో ఫలితం చెప్తామన్నారు. అంతవరకు ఏం చేయాలో తెలియడం లేదు. అంగట్లో చీరల మడతలు తప్పుతున్నాయి. అన్నం ముందు కూర్చుంటే గడ్డ మీదికే చెయ్యి పోతోంది. అది పెరిగిందనిపిస్తుంది, తగ్గిందనిపిస్తుంది. ఒకే గంటలో రెండూ అనిపిస్తాయి. బావ ఎలా ఉన్నాడో రాయి.

అమరనాథ్


హొసకోటె
మే 12

అమరా,

మీ బావ అంగడి తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. యూరియా అడిగినవాళ్లకు విత్తనాలు ఇస్తున్నాడు. కడ్డిపుడి బదులు లవంగాలు నములుతున్నాడు. నాతో మాట్లాడడు. నిన్న మాత్రం ఉన్నట్టుండి, "ఆ హోటల్లో వాళ్లు ప్లేట్లు ఎత్తుకొని జరిగిపోతే నీ తమ్ముడు వాళ్ల వైపు కూడా చూడలేదు" అన్నాడు. అని లేచిపోయాడు.

ఫలితం చెప్పే రోజు నేను కూడా వస్తానంటే వద్దన్నాడు. ఫలితం తెలియగానే ఫోన్ చేస్తానన్నాడు. సరేనన్నాను.

అక్క


మడివాళ
మే 22

అక్కకు,

బావ ఇంటికి చేరి చెప్పే ఉంటాడు. అయినా ఆయన చెప్పని సంగతి ఒకటి ఉంది. అది రాద్దామని కూర్చున్నాను.

ముందు బావ పేరు పిలిచారు. నన్నూ నేత్రావతినీ బయటే కూర్చోమని ఒక్కడే లోపలికి పోయాడు. వచ్చేటప్పుడు ఆయన మొహం చూశాను. ఏమీ తెలియలేదు. నా పక్కన కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎదురుగా గోడ చూస్తున్నాడు.

"ఏమన్నారు బావా?"

జేబులోంచి లవంగం తీసి నోట్లో వేసుకున్నాడు.

"బావా, ఏమన్నారు?"

"నీది తేలినాక చెప్తా" అన్నాడు.

చెడ్డ ఫలితమేననుకున్నాను. ఆయన్ను హోటలుకు లాక్కుపోయింది నేను, ఇక్కడిదాకా నడిపించింది నేను. నీకు ఏం చెప్పాలో వెతుక్కున్నాను. నా సంగతి నేను మరిచిపోయింది ఆ కాసేపే.

తర్వాత నన్ను పిలిచారు. నేత్రావతి నాతో లోపలికి వచ్చింది. డాక్టరు కాగితం చూస్తున్నంతసేపూ ఆమె నా చొక్కా అంచు పట్టుకునే ఉంది. గడ్డలో జబ్బు లేదన్నాడు. కరెంటు పెట్టినచోట కొందరికి అలా వాపు వస్తుందట. మళ్లీ ఆగస్టులో రమ్మన్నాడు. ఈసారి రాకపోతే ఇంటికి మనిషిని పంపిస్తానన్నాడు.

బయటికి వచ్చి బావతో, "నాది ఏమీ లేదంట" అన్నాను. నాకే నమ్మకం లేనట్టు మెల్లగా అన్నాను. ఆయన ఒక్కసారిలోనే అర్థం చేసుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

"నాదీ జబ్బు కాలేదంట. అయ్యేదానికి దగ్గర్లో ఉండాదంట. ఆ మచ్చ వరకు కోసేస్తారు. పొగాకు మళ్లీ ముడితే మాత్రం గ్యారంటీ లేదన్నారు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? నేను ఏమేమో అనుకున్నాను."

"నీది చెడ్డదని తేలింటే, నాది బాగుందని నీ మొహం ముందర ఎట్ల చెప్పేదప్పా?"

నేత్రావతి అటు తిరిగింది. అక్కడే నీకు ఫోన్ చేశాడు. నువ్వు ఎత్తలేదు. మళ్లీ చేశాడు. గుడికి పోయుంటుందిలే అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నేనూ ఉన్నాను. మరునాడు పళ్లు తోముకుని చూస్తే చిగుళ్ల దగ్గర చిన్న ఎర్రచుక్క. బ్రష్ గీరుకున్నదే, నాకు తెలుసు. అయినా అంగడికి పోయే బస్సులో దాన్ని నాలుకతో తడుముతూనే ఉన్నాను. ఇది పోయేది కాదనిపిస్తోందక్కా. దీన్ని పెట్టుకునే పనికి పోవాలి, తినాలి, పిల్లతో మాట్లాడాలి. ఎలాగో ఇంకా నాకు సరిగా తెలియదు. అంగట్లో ఇంకా లోపలి గదిలోనే ఉన్నాను. ముందు కూర్చుంటానని రాజగోపాల్‌ను అడగాలి. రేపు అడుగుదామని రోజూ అనుకుంటున్నాను.

ఆగస్టు చెకప్‌కు బావ తోడు వస్తానన్నాడు. తనకు ఆ నెలలో ఆస్పత్రి పని లేదు.

నీ తమ్ముడు
అమరనాథ్


హొసకోటె
జూన్ 9

అమరా,

మీ బావకు మచ్చ తీసేశారు. చెంపలో కుట్లు ఉన్నాయి, గంజి తాగుతున్నాడు. బాగానే ఉన్నాడు. నీది తేలేదాకా తనది దాచాడన్న సంగతి మాత్రం నీ ఉత్తరం వచ్చేదాకా నాకు కూడా చెప్పలేదు.

నేను గుడికి పోలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచి ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఉన్నాను. మోగగానే బల్ల మీద పెట్టేశాను. మీ బావ పేరు కనపడుతోంది. మోగుతోంది. నేను గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాను. చెయ్యి రాలేదు. ఆగిపోయాక హమ్మయ్య అనిపించింది. రెండోసారి మోగినప్పుడు పెరట్లోకి పోయి, వినపడకుండా బట్టలు ఉతకడానికి కూర్చున్నాను. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను. ఆయన ఇంటికి వచ్చి నిలబడేదాకా నాకు ఏమీ తెలియదు. తెలుసుకోలేదు. నువ్వు ఆ గేటు దగ్గరినుంచి ఎందుకు తిరిగి వచ్చావో ఆ రోజు తెలిసింది.

ఆగస్టులో మీ ఇద్దరితో నేనూ వస్తాను. బయట బెంచీ మీద కూర్చుంటాను. లోపలికి మాత్రం నన్ను పిలవద్దు.

అక్క